కరుణాధారము, శాంతికరము, ప్రాయశ్చిత్తము: సిలువ మరణానికి అర్థమేమిటి?

తెలుగు బైబిలులో రోమా పత్రిక మూడో అధ్యాయం 25వ వచనంలో "కరుణాధారము" అనే మాట వస్తుంది. దేవుడు క్రీస్తును కరుణాధారంగా బయలుపరచాడని పౌలు అంటాడు. యోహాను మొదటి పత్రిక రెండో అధ్యాయానికి వెళ్తే "ఆయనే మన పాపములకు శాంతికరమై యున్నాడు" అని ఉంటుంది. అదే పత్రిక నాలుగో అధ్యాయంలో, దేవుడు తన కుమారుణ్ణి "మన పాపములకు ప్రాయశ్చిత్తమై యుండుటకు" పంపాడని ఉంటుంది. మూడు చోట్లా మాట్లాడుతున్నది యేసు చావు గురించే. గ్రీకు మూలంలో యోహాను రెండు చోట్లా వాడింది ఒకే మాట, హిలాస్మోస్. పౌలు వాడిన హిలాస్టీరియోన్ దానికి తోబుట్టువు. అక్కడ ఒకటే వేరు, తెలుగులోకి వచ్చేసరికి మూడు మాటలయ్యాయి.

ఇది అనువాదకుల అజాగ్రత్త అని నేననుకోను. చిక్కంతా ఆ వేరులోనే ఉంది. శాంతికరం అనగానే ఎవరో కోపంగా ఉన్నారని, ఆ కోపం చల్లారిందని వినిపిస్తుంది. ప్రాయశ్చిత్తం అంటే ఏదో దోషం అంటుకుంది, అది పోయింది అని. కరుణాధారం అంటే కరుణకు ఆధారమైన చోటు. యేసు చావు దేవుడి కోపాన్ని చల్లార్చిందా, మనిషి పాపాన్ని కడిగిందా, లేక దేవుడి కరుణ మొదటి నుంచీ ఎలాంటిదో లోకానికి చూపించిందా? క్రైస్తవులు దాదాపు 2,000 ఏళ్ళుగా తర్కించుకుంటున్నది ఈ ప్రశ్న మీదే.

ఇంకో సంగతి కూడా చాలామంది విశ్వాసులకు తెలియదు. త్రిత్వం గురించి, క్రీస్తు దైవత్వ మానవత్వాల గురించి నైసియాలో (325), కాన్‌స్టాంటినోపుల్‌లో (381), కల్కెదోనులో (451) మహాసభలు పెట్టి ఒక్కో మాటా తూచి తేల్చిన సంఘం, సిలువ ఎలా పనిచేస్తుందన్న దాని మీద అలాంటి తీర్మానం ఏదీ చేయలేదు. నైసియా విశ్వాస ప్రమాణం "మా కొరకు" సిలువ వేయబడ్డాడని చెప్పి ఆగిపోతుంది. ఆ "మా కొరకు" అన్నదాన్ని ఎలా అర్థం చేసుకోవాలో చెప్పడానికి ఒక్కో కాలం ఒక్కో బొమ్మ గీసింది. మన ప్రసంగ వేదికల మీద మాత్రం తరచూ ఒకే బొమ్మ వినిపిస్తుంది: కోర్టు, నేరం, తీర్పు, మన బదులు శిక్ష అనుభవించిన నిర్దోషి. నేను విని పెరిగింది కూడా అదే. అది అబద్ధమని అనను. అది ఒక్కటే ఉందనుకుంటేనే ఇబ్బంది.

ముందు, జరిగిందేమిటి

అర్థం వెతకబోయే ముందు ఒక మాట. చరిత్రలో యేసు చావు రోమా ప్రభుత్వం అమలు చేసిన మరణశిక్ష. శిక్ష వేసిన పొంతి పిలాతు కల్పిత పాత్ర కాదు. 1961లో కైసరయలో తవ్వకాలు జరిపిన ఇటలీ పురావస్తు శాస్త్రజ్ఞులకు అతని పేరు చెక్కిన రాయి దొరికింది. తిబెరి చక్రవర్తి కాలంలో పిలాతు చేతిలో క్రీస్తుకు మరణశిక్ష పడిందని రోమా చరిత్రకారుడు టాసిటస్ కూడా రాశాడు. సిలువ పైన కొట్టిన పలక మీద హెబ్రీ, లాటిన్, గ్రీకు భాషల్లో "యూదుల రాజు" అని రాశారు. కైసరు ఉండగా ఇంకో రాజు అంటే రాజద్రోహం. అధికారికంగా నేరం అదే.

ఇది ఎందుకు చెప్పాలంటే, "యూదులు క్రీస్తును చంపారు" అన్న ఒక్క మాట యూరప్‌లో శతాబ్దాల పాటు యూదుల ఇళ్ళు తగలబెట్టింది, ప్రాణాలు తీసింది. ఆనాటి యూదులందరి మీదా, ఈనాటి యూదుల మీదా ఆ నేరం మోపడం తగదని రెండో వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న స్పష్టంగా ప్రకటించింది. మన ప్రసంగాల్లో ఇప్పటికీ ఆ మాట అలవాటుగా దొర్లిపోతుంటుంది. మానేయాలి.

సిలువ ఎలాంటి శిక్షో కూడా మనం మరచిపోయాం. మెడలో బంగారు సిలువ, గుడి గోపురం మీద తెల్ల సిలువ చూసి చూసి అది అందమైన గుర్తయిపోయింది. ఆ కాలంలో అది ముఖ్యంగా బానిసలకు, తిరుగుబాటుదారులకు వేసే శిక్ష. క్రీ.పూ. 71లో స్పార్టకస్ తిరుగుబాటును అణచివేశాక దాదాపు 6,000 మంది బానిసలను కపువా నుంచి రోము దాకా దారి పొడవునా సిలువ వేశారు. సిలువ అన్న మాటే రోమా పౌరుడి తలపుల్లోకి, కళ్ళ ముందుకి, చెవుల్లోకి రాకూడదని రోమా వక్త సిసిరో న్యాయస్థానంలో వాదించాడు. 1968లో యెరూషలేము దగ్గర ఒక సమాధిలో మేకు దిగి ఉన్న మడమ ఎముక దొరికింది. ఆ ఎముక ఫొటో చూసినవాళ్ళు సిలువను మళ్ళీ ఆభరణంగా చూడలేరు. రోములో పాలటైన్ కొండ మీద 1857లో ఒక గోడ మీది గీత బయటపడింది: గాడిద తల ఉన్న మనిషి సిలువ మీద, కింద చేయెత్తి మొక్కుతున్న ఒకడు. "అలెక్సమెనోస్ తన దేవుణ్ణి పూజిస్తున్నాడు" అని పక్కనే రాత. సిలువ వేయబడ్డవాణ్ణి దేవుడనడం ఆనాటి జనానికి అలా కనిపించింది. సిలువ వేయబడిన క్రీస్తు "యూదులకు ఆటంకముగాను అన్యజనులకు వెఱ్ఱితనముగాను" ఉన్నాడని పౌలు ఊరికే అనలేదు.

అలాంటి చావును శిష్యులు సువార్త అని ఎలా పిలవగలిగారు? వాళ్ళ దగ్గర సిద్ధాంతాలు లేవు. ఉన్నవి పాత గ్రంథాలు, పండుగలు, దేవాలయం. వాటిలోంచే మాటలు తీసుకున్నారు.

మూత మీద చల్లిన రక్తం

మొదట దొరికింది పస్కా. యేసు చనిపోయింది పస్కా పండుగ రోజుల్లో. ఐగుప్తు బానిసత్వంలోంచి బయటపడ్డ రాత్రి గొఱ్ఱెపిల్ల రక్తం గడప కమ్ముల మీద పూసిన కథ అందరికీ తెలిసిందే. కానీ గమనించండి, పస్కా గొఱ్ఱెపిల్ల పాప పరిహార బలి కాదు. అది విడుదల పండుగ భోజనం. కాబట్టి "మన పస్కా పశువు వధింపబడెను" అని పౌలు కొరింథు సంఘానికి రాసినప్పుడు ముందుగా వినిపించవలసింది సంకెళ్ళు తెగిన చప్పుడు. శిక్ష మాట తర్వాత.

పాపం సంగతి వచ్చేది ప్రాయశ్చిత్త దినంలో. లేవీయకాండం 16వ అధ్యాయంలో ఆ రోజు చేసే క్రియలున్నాయి. ఏడాదికి ఒక్కసారి ప్రధాన యాజకుడు తెర దాటి అతి పరిశుద్ధ స్థలంలోకి వెళ్తాడు. అక్కడ నిబంధన మందసం అనే పవిత్రమైన పెట్టె ఉంటుంది. దాని మీది బంగారు మూత పేరు తెలుగు బైబిలులో కరుణాపీఠం. యాజకుడు ఆ మూత మీద, దాని ముందు రక్తం చల్లుతాడు. ఇంకో మేక తల మీద చేతులుంచి జనుల పాపాలన్నీ ఒప్పుకుని దాన్ని అరణ్యంలోకి తోలేస్తారు. ఆ రెండో మేకను చంపరు. అది పాపాలను మోసుకుంటూ ఊరవతలికి, కనపడనంత దూరం పోతుంది.

పాత నిబంధన గ్రీకు అనువాదంలో ఆ కరుణాపీఠానికి వాడిన మాటే హిలాస్టీరియోన్. పౌలు రోమా పత్రికలో క్రీస్తుకు వాడింది సరిగ్గా ఆ మాటనే. అంటే తెలుగు బైబిలులోని కరుణాపీఠం, కరుణాధారం రెండూ ఒకే గ్రీకు మాటకు వచ్చిన రూపాలు. ఇది తెలిశాక ఆ వచనం వేరేలా వినిపిస్తుంది. ఏడాదికోసారి ఒకే ఒక్క మనిషి, తెర వెనక, పొగ చాటున చూసిన చోటును దేవుడు ఊరి బయట కొండ మీద అందరి కళ్ళముందు పెట్టాడు. "బయలుపరచెను" అన్న క్రియ అందుకే అంత బలంగా ఉంది.

ఇక్కడ దిక్కు తిరగబడింది కూడా. మొక్కు అనగానే మనకు తెలిసిన పద్ధతి ఒకటుంది: మనిషి ఇస్తాడు, దైవం పుచ్చుకుంటుంది. కోడైనా, పొట్టేలైనా, కొబ్బరికాయైనా అటు వెళ్ళేదే. పౌలు వాక్యంలో ఇచ్చేవాడు దేవుడు. మనుషులు దేవుణ్ణి శాంతపరచడానికి తెచ్చిన బలి గురించి అక్కడ ఒక్క మాట లేదు. లేవీయకాండం 17వ అధ్యాయంలో కూడా, ప్రాయశ్చిత్తం కోసం రక్తాన్ని "మీకిచ్చితిని" అంటాడు దేవుడు. బలి దేవుడి దగ్గర నుంచే మొదలవుతుంది.

"ప్రాయశ్చిత్తం" అన్న మాట మన భాషలో తెచ్చే బరువు గురించి కూడా చెప్పాలి. హిందూ ధర్మశాస్త్రాల నుంచి వచ్చిన ఈ మాటకు మామూలు తెలుగులో క్రియ "చేసుకోవడం". తప్పు చేసినవాడే ఉపవాసమో, దానమో, తీర్థస్నానమో చేసుకోవాలి. నా ప్రాయశ్చిత్తం పక్కింటాయన చేసుకోలేడు. క్రైస్తవులు ఆ మాటను తీసుకుని క్రియను మార్చారు: ఆయన మన కోసం ప్రాయశ్చిత్తం "చేశాడు". తెలుగు చెవికి ఇది మొదట్లో వ్యాకరణం తప్పినట్టుండాలి. ఉండటమే మంచిది. సువార్తలోని ఆశ్చర్యమంతా ఆ "చేసుకోవడం" "చేయడం"గా మారిన చోటే ఉంది.

క్రయధనం ఎవరి చేతికి?

యేసు తన చావు గురించి తానే చెప్పిన మాటల్లో ఒకటి మార్కు సువార్త పదో అధ్యాయంలో ఉంది: అనేకులకు ప్రతిగా "విమోచన క్రయధనముగా" తన ప్రాణం ఇవ్వడానికి వచ్చానని. ఇది బానిసల సంత మాట. యుద్ధంలో పట్టుబడ్డవాణ్ణి, అప్పులో అమ్ముడుపోయినవాణ్ణి విడిపించడానికి కట్టే సొమ్ము. ఆనాటి శ్రోతల్లో బానిసలుండేవారు. వాళ్ళకు ఈ మాటకు నిఘంటువు అవసరం లేదు.

కానీ ఆలోచనాపరులు ఊరుకోరు కదా. సొమ్ము కట్టారంటే పుచ్చుకున్నవాడెవడు? నాలుగో శతాబ్దంలో నిస్సా పట్టణపు గ్రెగరీ, సాతానే అన్నాడు. మనిషి పాపం చేసి సాతానుకు అమ్ముడుపోయాడు, దేవుడు యేసు ప్రాణాన్ని వెలగా చూపించాడు, సాతాను ఎర చూసి గాలాన్ని మింగిన చేపలా ఆయన్ని పట్టుకుని లోపల దాగిన దైవత్వానికి చిక్కుకుపోయాడు. కథగా ఎంత బాగుందో, ఆలోచిస్తే అంత ఇబ్బంది. అతని స్నేహితుడే అయిన నాజియాంజసు గ్రెగరీ దీనికి మండిపడ్డాడు. దొంగకు వెల కట్టడమా? అది కూడా దేవుణ్ణే వెలగానా? పోనీ తండ్రికి కట్టాడందామా అంటే, మనల్ని బంధించింది తండ్రి కాదు కదా? ఆ ప్రశ్న వేసి, ఎక్కువ తవ్వకుండా మౌనంగా గౌరవించడమే మేలన్నట్టు అక్కడే వదిలేశాడు. నాకు ఆ వదిలేయడం చాలా నచ్చుతుంది. క్రయధనం అన్న మాట విడుదలకు ఎంత ఖర్చయిందో చెప్పడానికి వచ్చింది. రసీదు ఎవరి పేరున అని అడిగితే పోలికను దాని హద్దు దాటించినట్టే.

అయితే ఈ బొమ్మలోని అసలు సంగతి, బందీలను విడిపించిన గెలుపు, తొలి శతాబ్దాల సంఘానికి ప్రాణం. కొలొస్సయులకు రాసిన పత్రికలో క్రీస్తు ప్రధానులను అధికారులను నిరాయుధులను చేసి సిలువచేత జయోత్సవంతో ఊరేగించాడని ఉంటుంది. రోమా సేనాని ఓడిన రాజులను గొలుసులతో నడిపించే ఊరేగింపు అది. ఇక్కడ మేకులకు వేలాడుతున్నవాడు సేనాని, వేలాడదీసిన అధికారాలు బందీలు. 1930ల మొదట్లో స్వీడన్ వేదాంతి గుస్తాఫ్ ఔలెన్, సంఘపు తొలి వెయ్యేళ్ళ ప్రధాన స్వరం ఇదేనని, పశ్చిమ దేశాలు దాన్ని మరచిపోయాయని గట్టిగా వాదించాడు. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు ఎప్పుడూ మరవలేదు. ఈస్టరు రాత్రి వాళ్ళు పాడేది, క్రీస్తు మరణాన్ని మరణంతోనే తొక్కేశాడని.

అప్పు, శిక్ష, ప్రేమ

పశ్చిమ దేశాల్లో మలుపు తిప్పినవాడు కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఆన్సెల్మ్. ఇంగ్లండు రాజుతో పొసగక దేశం విడిచి ఇటలీలో ఉండగా, 1098లో ఆయన "దేవుడు మనిషి ఎందుకయ్యాడు" అన్న ప్రశ్న మీద శిష్యుడు బోసోతో సంభాషణగా ఒక గ్రంథం పూర్తి చేశాడు. సాతాను పద్దు మొత్తం పక్కన పెట్టేశాడు. ఆయన చూసింది దేవుడికీ మనిషికీ మధ్య ఉన్న ఋణం. సృష్టికర్తకు ఇవ్వవలసిన గౌరవం మనిషి ఇవ్వలేదు. తీర్చవలసింది మనిషి, తీర్చే శక్తి ఉన్నది దేవుడికే. కాబట్టి దేవుడూ మనిషీ ఒక్కడైనవాడు రావాలి. దేవుడు ఊరికే క్షమించవచ్చు కదా అన్న వాదం ఎదురైనప్పుడు ఆన్సెల్మ్ శిష్యుడికి ఇచ్చిన జవాబు ఇప్పటికీ గుచ్చుకుంటుంది: పాపం ఎంత బరువైనదో నువ్వింకా ఆలోచించలేదు.

ఇక్కడ చాలామంది తడబడే చోటుంది. ఆన్సెల్మ్ చెప్పింది శిక్ష గురించి కాదు. ఋణం తీర్చడమో శిక్ష పడటమో ఏదో ఒకటి జరగాలి, క్రీస్తు ఋణం తీర్చాడు కనుక శిక్ష తప్పింది అన్నాడు. క్రీస్తు మన శిక్షనే మోశాడన్న వాదం స్థిరపడింది 16వ శతాబ్దపు ప్రొటెస్టెంట్ సంస్కర్తల చేతిలో. న్యాయశాస్త్రం చదువుకున్న జాన్ కాల్విన్ దాన్ని కోర్టు భాషలో పూర్తిగా తీర్చిదిద్దాడు. దానికి వాక్యాధారం లేకపోలేదు. "మన సమాధానార్థమైన శిక్ష అతనిమీద పడెను" అన్న యెషయా 53 చదివితే ఆ బరువు తెలుస్తుంది. అమెరికా, ఇంగ్లండుల నుంచి వచ్చిన ప్రొటెస్టెంట్ మిషనరీల ద్వారా మనకు చేరింది ఎక్కువగా ఈ వ్యాఖ్యానమే.

ఆన్సెల్మ్ తర్వాతి తరంలోనే పారిస్ పండితుడు పీటర్ అబెలార్డ్ ఎదురు ప్రశ్న వేశాడు. నిరపరాధి రక్తాన్ని వెలగా అడగడం క్రూరం కాదా? సిలువ మనలో దేవుడి మీద ప్రేమ రగిలించడానికే అన్నది ఆయన జవాబులో ముఖ్యభాగం. క్లేర్వో మఠపు బెర్నార్డ్ దాన్ని తీవ్రంగా ఖండించాడు. నా మాటకొస్తే, అబెలార్డ్ ప్రశ్న చాలా మంచిది, జవాబు చాలదు. మునిగిపోతున్నవాణ్ణి కాపాడటానికి నీళ్ళలోకి దూకితే అది ప్రేమ. గట్టు మీద ఉన్నవాడికి ప్రేమ చూపించడానికి ఊరికే దూకి చనిపోతే ఆ ప్రేమకు అర్థం లేదు. సిలువ మన కోసం ఏదో నిజంగా సాధిస్తేనే అది ప్రేమను చూపిస్తుంది.

మన వేదికల మీద ఈ శిక్ష బొమ్మ వక్రించే చోటు చెప్పకుండా ఉండలేను. రైలు వంతెన కథ మీరు వినే ఉంటారు. వంతెన దించే ఉద్యోగి కొడుకు యంత్రంలో చిక్కుకుంటాడు, రైలు వచ్చేస్తుంటుంది, ప్రయాణికుల కోసం తండ్రి మీట నొక్కేస్తాడు, కొడుకు నలిగిపోతాడు. వింటున్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. కానీ ఆ కథలో కొడుక్కి ఏమీ తెలియదు, వాణ్ణి ఎవరూ అడగలేదు. యోహాను సువార్త పదో అధ్యాయంలో యేసు మాట ఇది: "ఎవడును నా ప్రాణము తీసికొనడు, నా అంతట నేనే దాని పెట్టుచున్నాను". ఒకవైపు రగిలిపోతున్న తండ్రి, మరోవైపు బలైపోతున్న మెత్తని కుమారుడు అన్న కథ చెప్పామంటే, తండ్రి కుమారులు ఒక్క దేవుడన్న మన విశ్వాసాన్నే రెండుగా చీల్చేశాం. పౌలు రాసింది "దేవుడు... క్రీస్తునందు లోకమును తనతో సమాధానపరచుకొనుచు" ఉన్నాడని. సిలువ మీద దేవుడు కొట్టేవాడి వైపు నిలబడి లేడు, దెబ్బ తింటున్నవాడిలో ఉన్నాడు. సమాధానపడవలసింది లోకం. మనం ఇంకా పాపులమై ఉండగానే ఇది జరిగిందని రోమా పత్రిక ఐదో అధ్యాయం చెబుతుంది. కుమారుడు చనిపోయాడు కాబట్టి తండ్రి మనల్ని ప్రేమించలేదు. తండ్రి ప్రేమించాడు కాబట్టే కుమారుడు వచ్చాడు.

అయినా ప్రశ్న మిగిలే ఉంది, ముఖ్యంగా సండే స్కూలు పిల్లలు అడిగే రూపంలో: మనల్ని క్షమించమని చెప్పే దేవుడు తాను ఊరికే ఎందుకు క్షమించలేడు? యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుడి కథలో తండ్రి ఏ బలీ అడగలేదు కదా? దీనికి నాకు తెలిసిన దారి కొలొస్సయుల పత్రికలోనే ఉంది. మన మీద ఋణంగా ఉన్న "పత్రమును మేకులతో సిలువకు కొట్టి" అంటుంది ఆ వచనం. పత్రం అంటే అప్పు కాగితం, మన ప్రాంసరీ నోటు లాంటిది. ఎవరైనా పెద్దమనసుతో లక్ష రూపాయల నోటు చింపేశారనుకోండి. అప్పు గాల్లో కలిసిపోదు. ఇచ్చినాయనకు ఆ లక్ష పోయినట్టే, ఆ నష్టం ఆయనే మింగాడు. నిజంగా గాయపడ్డవాళ్ళకు ఇది ఇంకా బాగా తెలుసు. నమ్మకద్రోహం చేసిన మనిషిని క్షమించడమంటే తిరిగి కొట్టకుండా ఆ దెబ్బను మన ఒంట్లోనే ఆపేయడం. కథలో ఆ తండ్రి కూడా ఊరికే క్షమించలేదు. ఆస్తిలో కొంత భాగం పోగొట్టుకున్నాడు, ఊరంతా చూస్తుండగా ముసలితనంలో పరుగెత్తాడు. ఊరికే వచ్చే క్షమాపణ క్షమించబడ్డవాడికే ఊరికే. క్షమించేవాడు మోసిన బరువు కల్వరి మీద కంటికి కనిపించింది.

16వ శతాబ్దంలోనే ఇటలీ వేదాంతి ఫౌస్టస్ సొసీనస్ ఇంకో చిక్కు ముందు పెట్టాడు. అప్పు మరొకరు కట్టొచ్చు, నేరం మరొకరి మీదికి ఎలా మారుతుంది? ఉరిశిక్ష అన్నకు పడితే తమ్ముణ్ణి ఉరితీసే కోర్టుందా? న్యాయమైన ప్రశ్న ఇది. దీనికి పౌలు కోర్టు గది దాటి వెళ్ళాడు. "క్రీస్తుతోకూడ సిలువవేయబడియున్నాను" అంటాడు గలతీయులతో. ఆయన మరణంలోకి బాప్తిస్మం పొందామంటాడు రోమా ఆరో అధ్యాయంలో. క్రీస్తు మనకు పరాయివాడై మన బదులు నిలబడితే సొసీనస్‌కు జవాబు లేదు. ఆదాము తలగా ఉన్న మనుషులకు కొత్త తలగా వచ్చి, వాళ్ళను తనలో చేర్చుకుని చనిపోయాడని పౌలు చెబుతున్నాడు. రెండో శతాబ్దంలోనే లయన్స్ బిషప్ ఐరేనియస్ దీన్ని పట్టుకున్నాడు: ఆదాము చెట్టు దగ్గర అవిధేయుడై పోగొట్టుకున్నది, క్రీస్తు మ్రాను మీద విధేయుడై తిరిగి తెచ్చాడు.

"ఎందుకు చెయ్యి విడిచితివి"

గుడ్ ఫ్రైడే రోజు మన గుళ్ళలో మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద వాక్యం చెబుతారు. నాలుగో మాట దగ్గర నేను ఎప్పుడూ కుదురుగా కూర్చోలేను. "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి". శిక్ష బొమ్మ ప్రకారం మన పాపం మీద పడ్డ తీర్పులో తండ్రి ముఖం తిప్పుకున్నాడని చెబుతారు. యేసు పలికింది 22వ కీర్తన మొదటి మాట. ఆ కీర్తన చివరి దాకా చదివితే, బాధపడేవాడికి దేవుడు తన ముఖం దాచలేదని 24వ వచనంలో ఉంటుంది. ఆ కేక నిజమైన చీకట్లోంచి వచ్చింది. కానీ తండ్రి లేని చోటు నుంచి వచ్చిందని కీర్తన ఒప్పుకోదు.

ఈ కేకను జర్మన్ వేదాంతి యూర్గెన్ మోల్ట్‌మన్ విన్నది యుద్ధ ఖైదీగా. 1943లో హాంబర్గ్ నగరం మీద బాంబులు పడ్డప్పుడు పక్కనున్న స్నేహితుడు చనిపోయి తాను మిగిలాడు. తర్వాత స్కాట్లండ్ శిబిరంలో ఎవరో ఇచ్చిన బైబిలులో మార్కు రాసిన ఈ మాట చదివి, తనను అర్థం చేసుకున్నవాడు ఒకడున్నాడనుకున్నాడు. 1972లో ఆయన రాసిన పుస్తకం, దేవుడు మనిషి బాధను దూరం నుంచి చూసేవాడు కాడని, సిలువలో దాన్ని తనలోకి తీసుకున్నాడని వాదించింది.

మన నేల మీద ఇది పుస్తకాల కంటే ముందే జరిగింది. 1876–78 కరువు తర్వాత, 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని మిషనరీ జాన్ క్లఫ్ కరువు సాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపాడు. వాళ్ళెందుకు వచ్చారన్నదానికి చరిత్రకారులు ఎన్నో కారణాలు చెబుతారు. సిలువ ఒక్కటే కారణమని నేనను. కానీ ఊరవతల చనిపోయిన దేవుడి కథ ఊరవతల బతికేవాళ్ళకు ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించకుండా ఉండలేను. హెబ్రీయుల పత్రిక 13వ అధ్యాయం ఆయన "గవిని వెలుపట" శ్రమపడ్డాడని ప్రత్యేకంగా చెబుతుంది. ఫిలిప్పీ పత్రిక ఆయన దాసుడి రూపం తీసుకుని, బానిసల చావైన సిలువ దాకా దిగాడంటుంది. దేవుడు తమ వాడలోకి వచ్చి, తమను అవమానించిన చేతుల్లాంటి చేతుల్లోనే చనిపోయాడు. 1980లలో బెంగుళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో బోధించిన అరవింద్ పి. నిర్మల్ దళిత వేదాంతంగా మాటల్లో పెట్టినదాన్ని, ఆ ఏటి ఒడ్డున నిలబడ్డవాళ్ళలో కొందరైనా ముందే గుర్తుపట్టి ఉంటారని నా నమ్మకం. ఈ వాడల సిలువను పాప క్షమాపణ సిలువ నుంచి వేరుచేసి, ఇది రాజకీయం, అది సువార్త అని విడగొట్టేవాళ్ళతో నేను ఏకీభవించను. నిజంగా అన్యాయానికి గురైనవాడే క్షమించే హక్కుతో సిలువ మీద ఉన్నాడు.

ఇంతకీ చావు ఒక్కటే సరిపోతుందా? పౌలు సరిపోదన్నాడు, అదీ చాలా కఠినంగా: "క్రీస్తు లేపబడనియెడల మీ విశ్వాసము వ్యర్థమే, మీరింకను మీ పాపములలోనే యున్నారు". ప్రాయశ్చిత్తం శుక్రవారం మధ్యాహ్నమే ముగిసిపోతే ఈ వాక్యానికి చోటే లేదు. మన సంఘాల్లో ఆదివారాల్లో చెప్పే అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో సిలువకూ పునరుత్థానానికీ మధ్య చిన్న వాక్యం ఒకటుంది, అదృశ్యలోకంలోకి దిగాడని. ఎక్కువమంది దాన్ని ఊపిరి తీసుకోకుండా దాటేస్తారు. ఆర్థడాక్స్ సంఘాలు దాన్నే ఈస్టరు చిత్రంగా గీసుకున్నాయి. ఇస్తాంబుల్‌లో ఒకప్పటి కోరా దేవాలయంలో, ఇప్పుడు మసీదుగా ఉన్న ఆ కట్టడంలో, 14వ శతాబ్దం మొదట్లో గీసిన ఆ గోడచిత్రం ఉంది. పాతాళపు తలుపులు ఊడిపడి క్రీస్తు కాళ్ళ కింద ఉన్నాయి. విరిగిన తాళాలు, గడియలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. చేతులూ కాళ్ళూ కట్టేసిన సాతాను కింద పడి ఉన్నాడు. తెల్లని బట్టల్లో క్రీస్తు ఒక చేత్తో ఆదామును, మరో చేత్తో హవ్వను సమాధుల్లోంచి లాగుతున్నాడు. పట్టుకున్నది వాళ్ళ అరచేతులు కాదు, మణికట్లు. వాళ్ళ వేళ్ళు వదులుగా వేలాడుతున్నాయి.